జ్వరంలో ఫిట్స్: పాలమూరు ఇళ్లలో వినే అపోహలు, అసలు వాస్తవాలు

పోయిన వానాకాలం ఒక రాత్రి జడ్చర్ల అవతలి పల్లె నుంచి ఒక అవ్వ ఏడాదిన్నర మనుమడిని ఆటోలో వేసుకుని వచ్చింది. పిల్లాడు అప్పటికే తేరుకుని ఏడుస్తున్నాడు. నెత్తురు కారుతున్నది అవ్వ చూపుడువేలికి. "కండ్లు తేలేసిండు డాక్టరమ్మా, కట్టె లెక్క బిగుసుకపోయిండు. నాలుక కొరుక్కుంటడని వేలు పెట్టిన, ఎనక చెంచా పెట్టిన" అన్నది. పిల్లాడి నోరు తెరిచి చూశాను. చిగురు చీలింది, ముందుపన్ను ఒకటి ఊగుతున్నది. ముక్కు చుట్టూ ఉల్లిగడ్డ రసం ఎండి ఉంది. ఫిట్స్ వల్ల వాడికి ఏ దెబ్బా తగల్లేదు. ఉన్నవన్నీ కాపాడబోయిన చేతుల వల్ల తగిలినవే.

ఆ అవ్వను నేను తప్పుపట్టను. కొడుకు, కోడలు పుణెకు పనికి పోయారు, ఇంట్లో ఆమె ఒక్కతే. ఆ ఐదు నిమిషాల్లో ఏం చేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. పిల్లల డాక్టరుగా అది మా బాధ్యత. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నోట్లో ఏదో ఒకటి అడ్డం పెట్టకపోతే నాలుక తెగిపోతుంది, లేదా లోపలికి పోతుంది.

నాలుక లోపలికి పోవడం అనేది జరగదు. అంచు కొంచెం కొరుక్కుంటే కొద్ది రోజుల్లో మానిపోతుంది. కానీ చెంచా తగిలి ఊడిన పన్ను ఊపిరిగొట్టంలోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. నీళ్లు, పాలు, పసరు, జ్వరం సిరప్ కూడా అంతే: స్పృహ లేని పిల్లాడి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పూర్తిగా తెలివి వచ్చేదాకా చుక్క కూడా వద్దు.

మరి తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టగానే ఆగిందని అంత గట్టిగా ఎందుకు చెబుతారు? ఈ ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. తాళాలు వెతికి తెచ్చేసరికి అంత సమయం అవుతుంది. పేరు తాళాలకు వస్తుంది.

చేయాల్సింది ఇదీ. పిల్లాడిని నేల మీదో మంచం మీదో ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నురగ, వాంతి బయటికి కారిపోయేలా. మెడ దగ్గర బట్టలు, మొలతాడు బిగుతుగా ఉంటే వదులు చేయండి. కాళ్లు చేతులు అదిమి పట్టొద్దు. గడియారం చూడండి. కళ్ల ముందు బిడ్డ అలా కొట్టుకుంటుంటే నిమిషం గంటలా తోస్తుంది, "అరగంట వచ్చింది" అని చెప్పినవాళ్లలో చాలామందికి నిజానికి వచ్చింది రెండు నిమిషాలే. ఇంట్లో ఇంకొకరు ఉంటే ఫోన్‌లో వీడియో తీయమనండి. ఎంతసేపు వచ్చింది, రెండు పక్కలా కొట్టుకుందా, ఒక్క పక్కేనా అన్నది నాకు మీ మాటల కంటే ఆ వీడియోలోనే బాగా తెలుస్తుంది. ఐదు నిమిషాలు దాటుతుంటే 108కి ఫోన్ చేయండి. మొదటిసారి వస్తే మాత్రం, ఆగిపోయినా సరే, ఆస్పత్రికి తీసుకురావాల్సిందే.

అపోహ: గాలి సోకింది, వాత పెడితే పోతుంది.

కాల్చిన పసుపుకొమ్ముతో పెట్టిన వాతలు చంటిపిల్లల పొట్ట మీద చూశాను. గుండ్రంగా, పచ్చిగా, చీము పట్టి ఉంటాయి. దయచేసి ఆ పని చేయకండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది, కొందరు పిల్లల్లో జ్వరం వేడికి అది అలా స్పందిస్తుంది. నూటికి ఇద్దరి నుంచి ఐదుగురు పిల్లలకు వస్తుంది. తండ్రికో, మేనమామకో చిన్నప్పుడు వచ్చి ఉంటే అవకాశం ఎక్కువ. తాయత్తు కట్టించుకుంటామంటే కాదనను, ముందు ఆస్పత్రి అయిపోవాలి.

అపోహ: తల్లి సరిగ్గా చూసుకోక జ్వరం నెత్తికెక్కింది.

ఈ మాట నా గదిలోనే, ఏడుస్తున్న కోడలి ఎదుటే అంటారు. చాలా పిల్లల్లో జ్వరం వచ్చిందని ఇంట్లో తెలిసేది ఫిట్స్ వచ్చాకే. పొద్దున ఆడుకున్న పిల్ల, సాయంత్రం పడిపోయాక ముట్టుకుంటే ఒళ్లు కాలుతుంది. అందులో తల్లి చేయగలిగింది ఏముంది? గంటకోసారి పారాసిటమాల్ పోసినా ఫిట్స్ ఆగుతాయన్న గ్యారంటీ లేదు. ఆ మందు పిల్లల బాధ తగ్గించడానికి ఇస్తాం, కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి. ఒక జాగ్రత్త: చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది, సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 లేదా 250. చుక్కల మందును సిరప్‌లా చెంచాతో పోస్తే మోతాదు మించిపోతుంది. సీసా మీద అంకె చదివి, దాంతో వచ్చిన కొలతతోనే పోయండి. చన్నీళ్లు, ఐసు వద్దు, వణుకు పుట్టి పిల్లలు ఇంకా అవస్థ పడతారు.

అపోహ: ఇది మూర్ఛరోగమే, ఏళ్ల తరబడి మందు వాడాలి.

మామూలు జ్వరపు ఫిట్స్ అంటే ఒళ్లంతా వచ్చి, పావుగంట లోపు ఆగి, 24 గంటల్లో మళ్లీ రానివి. అలాంటి పిల్లల్లో ముందుముందు మూర్ఛ వచ్చే అవకాశం నూటికి ఒకరిద్దరికే, మిగతా పిల్లలతో పోలిస్తే కొంచెమే ఎక్కువ. తెలివితేటలు తగ్గవు, చదువు ఆగదు. రోజూ మందు అక్కర్లేదు, తలకు స్కానింగ్ కూడా అక్కర్లేదు. ఏడాదిగా రోజూ మూర్ఛ మందు తాగుతూ మత్తుగా ఉండే పిల్లను ఒక తండ్రి తెచ్చినప్పుడు, పాత చీటీలో వేరే కారణం ఏమీ కనిపించక చాలాసేపు బాధపడ్డాను. అయితే ముగ్గురిలో ఒకరికి మరో జ్వరంలో మళ్లీ వస్తుంది. ఏడాది నిండకముందే మొదటిది వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి.

టీకా వేయించాక జ్వరం వచ్చి ఫిట్స్ వచ్చిందని మిగతా టీకాలు మానేయకండి. వేయించే ముందు నర్సుకు ఆ సంగతి చెప్పండి చాలు.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. ఫిట్స్ ఆగిన గంటకు కూడా పిల్ల తెలివిలోకి రాకపోతే, మెడ బిగుసుకుంటే, మాడు ఉబ్బితే, ఒంటి మీద ఎర్రటి, ఊదా మచ్చలు కనిపిస్తే, 24 గంటల్లో మళ్లీ వస్తే, ఒక్క పక్కే కొట్టుకుంటే, వయసు ఆరు నెలల లోపు గానీ ఐదేళ్లు పైన గానీ ఉంటే క్షణం ఆగొద్దు. అది మెదడువాపు జ్వరం కావచ్చు.

మళ్లీ మళ్లీ వచ్చే పిల్లలకు మిడాజోలం అనే ముక్కు స్ప్రే రాసిస్తాం. ఐదు నిమిషాలకూ ఆగకపోతే వాడాలి. ఎన్నిసార్లు కొట్టాలో బరువును బట్టి ఉంటుంది కాబట్టి పెద్ద అక్షరాలతో సీసా మీదే రాయించుకోండి, గడువు తేదీ చూసుకోండి. వలస పోతూ పిల్లను ఇంట్లో వదిలి వెళ్తుంటే ఆ సీసా అవ్వ చేతికివ్వండి. బొమ్మనో దిండునో పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆమె చేతే రెండుసార్లు చేయించి చూడండి.