స్టేషన్‌కి తీసుకెళ్తే కాగితం అడగండి: భద్రత, స్వేచ్ఛల మీద అపోహలు - వాస్తవాలు

నేవీ బేసు, పోర్టు, రిఫైనరీ ఉన్న ఊరు మనది. ఏజెన్సీ నుంచి గంజాయి దిగే దారీ ఇదే. తనిఖీలు, బారికేడ్లు వైజాగ్ వాళ్లకి కొత్త కాదు, వాటి మీద నాకు కంప్లయింటూ లేదు. ఇక్కడి కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే లాయర్‌గా నా తగువంతా ఒక్కదాని దగ్గరే. పోలీసులకి అధికారం ఇచ్చిన చట్టమే, దాన్ని వాడినప్పుడు కారణం రాసి చూపించమంది. ఆ కాగితం అడిగే అలవాటు మనవాళ్లకి లేదు.

అపోహ: "ఊరికే మాట్లాడి పంపేస్తామన్నారు, అది అరెస్టు కాదు."

నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. కంచరపాలెం నుంచో గాజువాక నుంచో ఓ తల్లి: "నిన్న సాయంత్రం పట్టుకెళ్లారండి, ఇంకా అరెస్ట్ చూపించలేదంట."

చూపించినా చూపించకపోయినా, మనిషిని కదలనివ్వకుండా కూర్చోబెట్టాక అతని స్వేచ్ఛ పోయినట్టే. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టు చేసిన 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి, ప్రయాణ సమయం మినహా. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసయితే మామూలుగా ముందు నోటీసు ఇవ్వాలి. అరెస్టు తప్పదనుకుంటే ఎందుకు తప్పదో రాయాలి. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది ఇదే. సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త క్రిమినల్ విధాన చట్టం బీఎన్ఎస్ఎస్‌లో అది 35వ సెక్షన్‌లోకి వెళ్లింది కానీ మా బార్‌లో ఇప్పటికీ పాత సెక్షన్ నంబరుతో 41ఏ నోటీసు అనే అంటాం. అరెస్టుకు ఆధారాలు నిందితుడికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని, ఏ కేసయినా సరే ఇది వర్తిస్తుందని 2025 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

కస్టడీ కోరుతూ పోలీసులు మేజిస్ట్రేట్‌కి ఇచ్చే రిమాండ్ రిపోర్టు చేతికి రాగానే నేను మొదట చూసేది సెక్షన్లు కాదు, అరెస్ట్ టైమ్. ఇంట్లోవాళ్లు రాత్రి తొమ్మిదింటికి తీసుకెళ్లారంటారు. కాగితం మీద మర్నాడు మధ్యాహ్నం, ఏదో జంక్షన్‌లో "అనుమానాస్పదంగా సంచరిస్తుండగా" అని ఉంటుంది. అప్పుడు పనికొచ్చేది స్టేషన్ సీసీ కెమెరా. ప్రతి స్టేషన్‌లో కెమెరాలుండాలని, ఫుటేజీ కనీసం ఏడాదైనా దాచాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఫుటేజీ భద్రపరచమని కోర్టులో వెంటనే పిటిషన్ వెయ్యాలి. ఇంకో చిన్న సలహా: "నన్ను స్టేషన్‌కి తీసుకెళ్తున్నారు" అని ఇంట్లో ఎవరికైనా వాట్సాప్‌లో ఒక్క లైను పెట్టండి. దాని మీద టైమ్ పడుతుంది.

అపోహ: "ప్రజల భద్రత కోసమంటే కోర్టులు వేలు పెట్టవు."

2022 డిసెంబరు 28న కందుకూరు సభలో తొక్కిసలాట జరిగి ఎనిమిది మంది చనిపోయారు. నాలుగు రోజులకే గుంటూరులో మరో ముగ్గురు. వెంటనే రోడ్ల మీద సభలు, ర్యాలీలకు అడ్డుకట్ట వేస్తూ ప్రభుత్వం జీవో నంబర్ 1 తెచ్చింది. అన్ని ప్రాణాలు పోయాక ఏ ప్రభుత్వమైనా కదలాల్సిందే, అందులో తప్పు పట్టను. కానీ 1861 నాటి పోలీసు చట్టం 30వ సెక్షన్ ఊరేగింపు ఏ దారిన వెళ్లాలో, ఎన్నింటికి వెళ్లాలో చెప్పడానికి ఉంది. అసలు వెళ్లొద్దనడానికి కాదు. 2023 మే 12న హైకోర్టు ఆ జీవోని కొట్టేసింది.

జీవీఎంసీ గాంధీ విగ్రహం దగ్గర ధర్నాకి పర్మిషన్ అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. దరఖాస్తు రాసివ్వండి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి, కాదంటే కారణం రాసిమ్మనండి. నోటిమాటగా "కుదరదు" అంటే కోర్టులో దేన్ని సవాలు చేస్తాం?

అపోహ: "చెకింగ్‌లో ఆపితే ఫోన్ అన్‌లాక్ చేసి ఇవ్వాల్సిందే."

లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు చూపించాలి. కేసు, కారణం ఏమీ లేకుండా వాట్సాప్ చాట్లు తిరగేయడం వేరే సంగతి. వ్యక్తిగత గోప్యతలోకి చొరబడాలంటే చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించకూడదు అని 2017లో సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పు.

గంజాయి తనిఖీ అయితే మత్తుపదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 50వ సెక్షన్ గుర్తుంచుకోండి. ఒంటి మీద వెతికే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ సమక్షంలో వెతకమని కోరే హక్కు మీకుందని వాళ్లే చెప్పాలి. చేతిలో బ్యాగుకి మాత్రం ఇది వర్తించదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. అన్నట్టు, రోడ్డు మీద సెక్షన్లు వల్లిస్తూ గొడవకి దిగకండి. విధులకు ఆటంకం అని ఇంకో కేసు తగిలిస్తారు. అభ్యంతరం చెప్పండి, కోర్టులో తేల్చుకుందాం.

అపోహ: "అందరి మీదా నిఘా పెడితేనే దేశానికి రక్ష."

2019 డిసెంబరులో బయటపడిన 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' మన ఊరివాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేరుతో వలవేస్తే ఓడల సమాచారం పాకిస్తాన్‌కి చేరవేశారన్న ఆరోపణ మీద ఏడుగురు నేవీ సిబ్బందిని అరెస్టు చేశారు. ఆ తర్వాత నేవీ తన బేసుల్లో, ఓడల్లో సిబ్బందికి స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ నిషేధించింది. చిల్లు ఎక్కడుందో అక్కడే మాటు వేసింది. బీచ్ రోడ్డులో ముంత మసాలా తింటున్నవాడి ఫోన్ జోలికి పోలేదు. ఆంక్ష అంటే అలా ఉండాలని నా అభిప్రాయం.

అపోహ: "భావప్రకటన స్వేచ్ఛ ఉంది, ఏదైనా పోస్ట్ చేస్తా."

చెయ్యలేరు. ఆన్‌లైన్ పోస్టులకి అరెస్టు చేయనిచ్చిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని 2015లో కొట్టేసిన మాట నిజమే కానీ ఆ స్వేచ్ఛకి హద్దులు పెట్టే రాజ్యాంగం 19(2) అధికరణం అలాగే ఉంది: దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువునష్టం, నేరానికి ఉసిగొల్పడం వగైరా. నిషేధిత ప్రదేశమని బోర్డున్న చోట నేవీ స్థావరాన్ని రీల్ తీసి పెడితే 1923 అధికార రహస్యాల చట్టం మెడకి చుట్టుకోవచ్చు. నాయకుడికి కోపం రావడం మాత్రం ఆ జాబితాలో లేదు.

అపోహ: "లాయర్‌కి ఇచ్చుకోలేనివాళ్లకి ఈ హక్కులన్నీ ఎందుకు?"

కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. రిమాండ్‌కి తెచ్చినప్పుడే మేజిస్ట్రేట్‌ని అడగొచ్చు. ఇంట్లోవాళ్లయితే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లొచ్చు, లేదా 15100కి ఫోన్ చెయ్యొచ్చు. వెళ్లేటప్పుడు తీసుకెళ్లిన టైమ్, స్టేషన్ పేరు రాసిపెట్టుకుని వెళ్లండి.