కష్టం వేరు, నిజం వేరు: కార్ రేసింగ్ గేముల మీద అపోహలు - వాస్తవాలు

అపోహ: గేము ఎంత కష్టంగా ఉంటే అంత రియలిస్టిక్.

వాస్తవం: మిగతా అపోహలు చాలావరకు దీని నుంచే పుడతాయి, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. నిజం కారులో వెనక టైర్లు జారడం మొదలైతే ఆ సంగతి ముందు నడుముకూ లోపలి చెవికీ తెలుస్తుంది. కంటికి తెలిసేది ఆ తర్వాతే. గేములో ఆ మొదటి కబురు రానే రాదు. కారు మూతి పక్కకు తిరిగినట్టు తెర మీద కనపడి, మనం స్టీరింగ్ ఎదురు తిప్పేసరికి జారుడు ముదిరిపోతుంది. అంటే లెక్కలన్నీ సరిగ్గా కుదిరిన గేము కూడా నిజం కారు కన్నా కష్టంగానే అనిపిస్తుంది. ఈ అదనపు కష్టానికి కారణం మనకు అందాల్సిన సమాచారం అందకపోవడం. ఆ లోటును టైర్ల చప్పుడుతో, స్టీరింగ్ బరువుతో, గేమ్‌ప్యాడ్ (చేత్తో పట్టుకునే కంట్రోలర్) వణుకుతో పూడ్చిన గేము ఆడటానికి తేలికవుతుంది, నిజానికీ దగ్గరవుతుంది.

ఇక టైరు సంగతి. టైరు చూస్తున్న దిక్కుకూ అది వెళ్తున్న దిక్కుకూ మధ్య కోణాన్ని స్లిప్ యాంగిల్ అంటారు. పొడి ట్రాక్ మీద రేస్ టైరు పట్టు సుమారు 6 నుంచి 10 డిగ్రీల దగ్గర గరిష్ఠానికి చేరుతుంది. ఆ అంచు దాటాక పట్టు తగ్గుతుంది గానీ ఒక్కసారిగా మాయమైపోదు. అంచు దాటగానే కారు మంచుగడ్డ మీద పడ్డట్టు గిర్రున తిరిగే గేమును "ఇదీ అసలైన సిమ్యులేటర్" అని మెచ్చుకోవడం ఆటగాళ్లలో మామూలే. అది టైరు మోడల్లో ఉన్న లోపం.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. తక్కువ పవరున్న కారు తీసుకోండి. రెండో గేరులో, పొడవాటి గుండ్రటి మలుపులో, వేగం మార్చకుండా స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ పోండి. ముందు టైర్ల చప్పుడు పెరగాలి, స్టీరింగ్ వీల్ చేతిలో తేలికవ్వాలి, కారు మెల్లగా మలుపు బయటి వైపుకు జరగాలి. స్టీరింగ్ తగ్గిస్తే పట్టు తిరిగి రావాలి. ఏ హెచ్చరికా లేకుండా పట్టు తెగిపోతే మీ చేతిని తప్పుపట్టకండి, గేమునే అనుమానించండి.

కష్టమే నిజమైన సందర్భాలూ ఉన్నాయి. 1998లో పాపిరస్ సంస్థ తెచ్చిన గ్రాండ్ ప్రి లెజెండ్స్‌లో 1967 నాటి ఫార్ములా వన్ కార్లు ఉంటాయి. వాటికి రెక్కలు లేవు, కారును నేలకు నొక్కిపెట్టే గాలి ఒత్తిడి లేదు. ఆ కార్లను అదుపులో ఉంచడం అప్పటి డ్రైవర్లకూ కష్టమే. పాపిరస్ స్థాపకుల్లో ఒకరైన డేవిడ్ కేమర్ తర్వాత ఐరేసింగ్ అనే ఆన్‌లైన్ రేసింగ్ సిమ్యులేటర్‌ను నెలకొల్పారు. అది 2008లో జనంలోకి వచ్చింది. అక్కడ కొత్తగా చేరినవారికి మొదట దొరికే కార్లలో మాజ్డా ఎంఎక్స్-5 ఒకటి: తేలిక కారు, పవర్ తక్కువ, తప్పు చేస్తే నెమ్మదిగా జారుతుంది. ఫిజిక్స్‌ను మెత్తబరచకుండానే కొత్తవారికి దారి వేసిన పద్ధతి ఇది. మాకు తెలిసినంతలో అన్నిటికన్నా నిజాయితీ ఉన్న పద్ధతి కూడా ఇదే.

అపోహ: అసిస్టులన్నీ (డ్రైవరుకు సాయపడే ఏర్పాట్లు) ఆఫ్ చేస్తేనే అసలు డ్రైవింగ్.

వాస్తవం: ఏ కారు నడుపుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. నిజం జీటీ3 కార్లలో (రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్ల ఆధారంగా చేసిన రేస్ కార్లు) బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏబీఎస్, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రాలు జారి తిరగకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ రెండూ ఉంటాయి, డ్రైవర్లు వాటి స్థాయిని రేసు మధ్యలో కూడా మారుస్తుంటారు. అసెట్టో కోర్సా కాంపిటిజియోనే అనే గేములో జీటీ3 కారుకు ఏబీఎస్ ఆఫ్ చేసి గర్వపడేవాళ్లు వాస్తవానికి దూరమవుతున్నారన్నమాట. ఫార్ములా వన్‌లో ఇది తారుమారు. అక్కడ 1994 నుంచి ఏబీఎస్ నిషేధం, 2008 నుంచి ట్రాక్షన్ కంట్రోల్ లేదు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన 'ఫార్ములా ఈ' (ఎలక్ట్రిక్ కార్ల రేసింగ్ పోటీ) కార్లనే తీసుకోండి. ఆ జెన్3 (మూడో తరం) కార్లలో వెనక చక్రాలను మామూలుగా నెమ్మది చేసే పని హైడ్రాలిక్ బ్రేకులది కాదు, ఎలక్ట్రిక్ మోటారుది. డ్రైవర్ పెడల్ తొక్కితే ఏ చక్రానికి ఎంత బ్రేక్ వెళ్లాలో సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది. మధ్యలో కంప్యూటర్ ఉన్నంత మాత్రాన అది రేసు కాకుండా పోలేదు.

కాబట్టి కారుతో పాటు వచ్చే సాయాన్నీ, గేము పైనుంచి తగిలించే సాయాన్నీ వేరుగా చూడాలి. స్టెబిలిటీ కంట్రోల్ (కారు జారకుండా దానంతటదే సరిదిద్దేది), స్టీరింగ్ అసిస్ట్, రేసింగ్ లైన్ (ఎటు వెళ్లాలో ట్రాక్ మీద చూపే గీత), ఆటోమేటిక్ గేర్లు చాలా రేస్ కార్లకు రెండో కోవలోకి వస్తాయి. తీసేయాలనుకుంటే మొదట స్టెబిలిటీ కంట్రోల్ తీయండి, ఎందుకంటే అది జారుడునే దాచేస్తుంది, దాచిన జారుడును దిద్దడం ఎప్పటికీ రాదు. తర్వాత గేర్లు, తర్వాత లైన్. ట్రాక్షన్ కంట్రోల్ ఆ పైన, అదీ ఒక్కో మెట్టు చొప్పున. ఏబీఎస్ ఆఖర్న. ఒకేసారి అన్నీ తీసేస్తే ఏ తప్పు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియదు.

అపోహ: గేమ్‌ప్యాడ్‌కు స్టీరింగ్ ఫిల్టర్ (స్టిక్ కదలికను నెమ్మదింపజేసే సెట్టింగ్) పెట్టుకోవడం మోసం.

వాస్తవం: లెక్క చూడండి. ముందు, వెనక ఇరుసుల మధ్య 2.7 మీటర్లున్న కారు 15 మీటర్ల వ్యాసార్ధపు హెయిర్‌పిన్ (దాదాపు వెనక్కి తిరిగే మలుపు) తిరగాలంటే, టైర్ల జారుడు పక్కన పెడితే, ముందు చక్రాలు సుమారు 10 డిగ్రీలు తిరగాలి. 200 మీటర్ల వ్యాసార్ధపు మలుపుకు 0.8 డిగ్రీ కూడా అక్కర్లేదు. మొదటి మలుపు వేగం గంటకు 45 కి.మీ. లోపు, రెండోదాని వేగం 160 దగ్గర. అంటే వేగం పెరిగాక కావాల్సిన కోణం పదమూడో వంతుకు పడిపోయింది. వీల్ మీద ఆ తేడా చేతికి సులువుగా అందుతుంది. ప్యాడ్ స్టిక్ మధ్య నుంచి అంచుకు కదిలేది సెంటీమీటరు లోపే, పైగా బొటనవేలు ఆ దూరాన్ని రెప్పపాటులో దాటేస్తుంది. అంత వేగంగా స్టీరింగ్ తిప్పే మనిషి లేడు. ఫిల్టర్ ఆ అసాధ్యాన్ని అడ్డుకుంటుంది, అంతే.

సరిచేసే వరుస ఇది. స్టిక్ వదిలేసినా కారు పక్కకు లాగుతుంటే లాగడం ఆగేంతవరకే డెడ్‌జోన్ (స్టిక్ కదిలినా గేము పట్టించుకోని మధ్య భాగం) పెంచండి. నేరు దారిలో 200 కి.మీ. వేగం దగ్గర కారు పాములా ఊగుతుంటే స్పీడ్ సెన్సిటివిటీ (వేగం పెరిగేకొద్దీ స్టీరింగ్‌ను తగ్గించే సెట్టింగ్) పెంచండి. వెనక భాగం జారినప్పుడు ఎదురు స్టీరింగ్ ఆలస్యంగా అందుతుంటే ఫిల్టర్ మోతాదు మించిందన్నమాట, తగ్గించండి, లేదా స్టీరింగ్ వేగం పెంచండి. ఒకసారికి ఒక్కటే మార్చి, ఐదు ల్యాపులు తిరిగాక రెండోది ముట్టుకోండి. కీబోర్డుకు ఇది ఇంకా అవసరం. అక్కడ మీట నొక్కితే పూర్తి స్టీరింగ్, వదిలితే సున్నా. మధ్య కోణాలు ఫిల్టర్ ఇస్తేనే ఉంటాయి.

తప్పు ఎక్కడుందంటే, కొన్ని గేములు ఇలాంటి సాయాన్ని మెనూలో చూపకుండా లోపలే నడిపిస్తాయి. రేపు వీల్ కొన్న ఆటగాడు తన నైపుణ్యం ఒక్కసారిగా ఎందుకు పోయిందో తెలియక తికమకపడతాడు. సాయం ఉండాలి, దానికి పేరూ స్విచ్చూ ఉండాలి.

అపోహ: వికలాంగుల కోసం మార్పులు చేస్తే వాస్తవికత చెడుతుంది.

వాస్తవం: నిజం రేసింగే ఈ మాటను ఒప్పుకోదు. 2001లో ప్రమాదంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్న అలెక్స్ జనార్డి, చేత్తో నడిపే యాక్సిలరేటర్ అమర్చిన బీఎండబ్ల్యూతో 2005లో జర్మనీలోని ఓషర్స్‌లేబెన్‌లో ప్రపంచ టూరింగ్ కార్ రేసు గెలిచారు. నాలుగు అవయవాలూ కోల్పోయిన ఫ్రెడెరిక్ సోసే 2016లో లె మాన్స్ 24 గంటల రేసులో పాల్గొన్నారు, ఆయన జట్టు కారు రేసు పూర్తిచేసింది. రాబర్ట్ వికెన్స్ చేతి మీటలతో నడిపి 2023లో అమెరికాలో ఐఎంఎస్ఏ అనే రేసింగ్ సంస్థ వారి టీసీఆర్ (టూరింగ్ కార్ల తరగతి) టైటిల్ అందుకున్నారు. వీళ్లెవరి కోసమూ టైరు ధర్మం మారలేదు. మారింది మనిషికీ కారుకూ మధ్య ఉన్న మీట.

గేము తయారీదారులు పట్టుకోవాల్సిన సూత్రం అదే. టైరు, బరువు, గాలి లెక్కలు అందరికీ ఒకటే ఉంచి, లోపలికి వెళ్లే ఆదేశాన్నీ బయటికి వచ్చే సమాచారాన్నీ మార్చాలి. 2023లో వచ్చిన ఫోర్జా మోటార్‌స్పోర్ట్‌లో చూపులేనివారి కోసం చేసిన ఏర్పాటు దీనికి మంచి ఉదాహరణ. చూపులేని గేమర్, సలహాదారు బ్రాండన్ కోల్ సాయంతో దాన్ని రూపొందించారు. రాబోయే మలుపు, ట్రాక్ అంచు, బ్రేక్ వేయాల్సిన సమయం అన్నీ శబ్దాలుగా వినిపిస్తాయి. 2018లో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌కు 19 చిన్న జాక్‌లు ఉన్నాయి. బ్రేకును మోచేతి కింద మీటకు, గేరును పెద్ద బటన్‌కు ఇలా ఎక్కడికైనా కలుపుకోవచ్చు.

చిన్నదే అయినా తరచూ మరిచిపోయేది రంగు. రేసింగ్ లైన్ ఆకుపచ్చ నుంచి ఎరుపుకు మారితే ఆ రెండు రంగుల తేడా తెలియనివారికి అది ఒకటే గీత. ఐరోపా సంతతి మగవారిలో దాదాపు పన్నెండు మందిలో ఒకరికి ఈ ఇబ్బంది ఉంది. బ్రేక్ చోట గీతను బాణం గుర్తుగా మారిస్తే సరిపోతుంది.

అపోహ: రేసింగ్ లైన్ చూస్తూ ఆడితే ట్రాక్ వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. కళ్లు గీతకు అతుక్కుపోయి మలుపు చివర చూడటం మానేస్తాయి. మొదటి పది ల్యాపులు పూర్తి లైన్ పెట్టుకోండి, తర్వాత మలుపుల్లో మాత్రమే కనిపించేలా మార్చండి. ఆ దశలో ప్రతి మలుపుకూ ఒక ఆనవాలు ఎంచుకోండి: 100 మీటర్ల బోర్డు, వంతెన నీడ, కర్బ్ (ట్రాక్ అంచున ఉండే రంగుల గట్టు) మొదలయ్యే చోటు. ఆనవాళ్లు కుదిరాక లైన్ తీసేయండి. బ్రేక్ దూరం వేగం వర్గంతో పెరుగుతుందన్నది మాత్రం మనసులో ఉంచుకోండి. 1 జీ (భూమ్యాకర్షణకు సమానమైన) బ్రేకింగ్‌తో 100 కి.మీ. వేగం నుంచి ఆగడానికి 39 మీటర్లు చాలు, 200 నుంచి 157 మీటర్లు కావాలి.

అపోహ: రివైండ్ (ఆటను కాస్త వెనక్కి తిప్పి మళ్లీ ఆడటం) వాడటం సిగ్గుచేటు.

వాస్తవం: పోటీలో వద్దు. సాధనలో మాత్రం తప్పకుండా వాడండి. జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫే ట్రాక్ ఒక చుట్టు 20.8 కి.మీ. ఒక మలుపులో తప్పు చేస్తే అదే మలుపుకు తిరిగి రావడానికి ఎనిమిది నిమిషాలు పట్టొచ్చు. రివైండ్‌తో అదే సమయంలో ఆ మలుపును ఇరవై సార్లు తిరగొచ్చు.

అపోహ: సెటప్ (కారు అమరికలను సరిచేయడం) రాకపోతే సిమ్యులేటర్ జోలికి పోకూడదు.

వాస్తవం: తయారుగా ఉన్న సెటప్ తీసుకుని మూడే మార్చండి. ఒకటి ఇంధనం: ల్యాపు ఖర్చును ల్యాపుల సంఖ్యతో గుణించి రెండు లీటర్లు కలపండి. అక్కర్లేని 60 లీటర్లు మోస్తే 45 కిలోల బరువు మోసినట్టే. రెండోది టైరు గాలి: కాంపిటిజియోనే ప్రస్తుత వెర్షన్‌లో పొడి ట్రాక్ మీద నాలుగు ల్యాపుల తర్వాత 26 నుంచి 27 పీఎస్ఐ మధ్య నిలవాలి. మూడోది బ్రేక్ బయాస్ (ముందు, వెనక చక్రాల మధ్య బ్రేక్ బలం పంపకం): బ్రేకులో వెనక భాగం ఊగితే ముందుకు జరపండి.

అపోహ: ఖరీదైన వీల్ ఉంటే తప్ప రియలిజం రాదు.

వాస్తవం: డబ్బు పెట్టేముందు ఖర్చు లేని రెండు పనులు చేయండి. మొదటిది చూపు కోణం, అంటే తెర మీద ఎంత మేర దృశ్యం కనిపించాలన్న సెట్టింగ్. 27 అంగుళాల మానిటర్ కంటికి 70 సెం.మీ. దూరంలో ఉంటే సరైన అడ్డకోణం సుమారు 46 డిగ్రీలు, నిలువుకోణం 27. అసెట్టో కోర్సా నిలువుకోణం అడుగుతుంది, ఐరేసింగ్ అడ్డకోణం అడుగుతుంది. రెండూ కలిపేసుకుంటే మలుపు దూరం తప్పుగా కనిపిస్తుంది. 27 మరీ ఇరుకుగా ఉండి పక్క కార్లు కనపడకపోతే 35 దాకా పెంచుకోండి, ఆ పైన వేగం అంచనా దెబ్బతింటుంది.

రెండోది ఫ్రేములు. 200 కి.మీ. వేగంలో, సెకనుకు 30 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేముకు కారు 1.85 మీటర్లు దూకుతుంది, 60 అయితే 0.93 మీటర్లు. మామూలు ల్యాప్‌టాప్‌లో నీడలు, అద్దాల నాణ్యత, ప్రేక్షకుల సంఖ్య తగ్గించి 60 నిలబెట్టుకోండి. టీవీకి కలిపి ఆడుతుంటే టీవీలోని గేమ్ మోడ్ (తెర ఆలస్యాన్ని తగ్గించే సెట్టింగ్) పెట్టండి. ఇవన్నీ అయ్యాక కూడా డబ్బు మిగిలితే ముందు బ్రేక్ పెడల్ కొనండి. ఎంత దూరం తొక్కారన్నది కాకుండా ఎంత బలంగా తొక్కారన్నది కొలిచే లోడ్ సెల్ రకం తీసుకుంటే, ప్రతి ల్యాపులోనూ బ్రేక్ ఒకేలా పడేలా కాలు నేర్చుకుంటుంది.