మాంసం, గుడ్డు, పెరుగు మానేశాక: అపోహలు - వాస్తవాలు

మన ఇళ్లలో శాకాహారం అంటే పాలు, పెరుగు, నెయ్యి కలిసిన భోజనమే. ఇక్కడ చెప్పేది వాటిని కూడా వదిలేసి పూర్తిగా మొక్కల ఆహారానికి మారేవాళ్ల కోసం. పోషకాహార నిపుణులుగా మేం ముందు అడిగేది ఒకటే: తీసేసిన వాటి స్థానంలో కంచంలోకి ఏం వచ్చింది? చాలా ఇళ్లలో వచ్చేది ఇంకో గరిటెడు అన్నమే. చిక్కులు మొదలయ్యేది అక్కడే.

అపోహ: రోజూ పప్పు తింటున్నాం కదా, ప్రొటీన్‌కు లోటేముంది?

వాస్తవం: లోటు రాకుండా చూసుకోవచ్చు, కానీ లెక్క వేసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. పప్పుచారులో ఒకరి వాటాకు వచ్చే కందిపప్పు 10, 15 గ్రాములే. అందులో ప్రొటీన్ 2, 3 గ్రాములకు మించదు.

అదే రోజు మొత్తానికి 200 గ్రాముల బియ్యం (16 గ్రా. ప్రొటీన్), 60 గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పో ఆకుకూర పప్పో (13), 25 గ్రాముల ఎండు మీల్‌మేకర్ (13), గుప్పెడు, అంటే 30 గ్రాముల వేరుశనగలు (7) ఉంటే లెక్క దాదాపు సరిపోతుంది. ఇవన్నీ వండకముందు తూకాలు. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ (ప్రొటీన్‌లోని ఒక అమైనో ఆమ్లం) పప్పులో దండిగా ఉంటుంది. అయితే రెండూ ఒకే పూట తినాలన్న నియమం లేదు, రోజులో ఎప్పుడు తిన్నా శరీరం వాడుకుంటుంది.

అపోహ: చద్దన్నం, ఇడ్లీ పిండి, స్పిరులినా (నీటి నాచు పొడి)తో విటమిన్ బి12 వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దు. బి12ను తయారుచేసేది బ్యాక్టీరియా, మనకు అందేది మాంసం, చేప, గుడ్డు, పాల ద్వారా. పులిసిన పిండిలో నమ్ముకోదగినంత ఉండదు. స్పిరులినాలో కనిపించేదాంట్లో ఎక్కువ భాగం మన శరీరానికి పనికిరాని నకలు రూపం.

కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉండొచ్చు కాబట్టి మానేసిన వెంటనే ఏమీ తెలియదు. ‘రెండేళ్లయింది, నాకేం కాలేదు’ అన్న ధీమా అందుకే ప్రమాదకరం. తర్వాత అరికాళ్ల తిమ్మిర్లు, నాలుక మంట, మతిమరుపు, నడకలో తూలు మొదలవుతాయి. ఆకుకూరల్లోని ఫోలేట్ అనే విటమిన్ రక్తహీనతను పైకి కనపడనివ్వదు, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. ఆలస్యమైతే ఆ నష్టం పూర్తిగా పూడకపోవచ్చు.

మాత్ర రూపంలో రోజూ 10 మైక్రోగ్రాములు లేదా వారానికోసారి 2000 మైక్రోగ్రాములు తీసుకోవాలి. వారం మోతాదు అంత పెద్దది కావడానికి కారణం ఉంది: పేగు ఒక్కసారికి రెండు మైక్రోగ్రాముల దాకానే సమర్థంగా పీల్చుకుంటుంది, మిగతాదాంట్లో ఒంటబట్టేది నూటికి ఒక వంతే. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వాడేవాళ్లకు బి12 ఇంకా తగ్గుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు బి12 మానేస్తే బిడ్డ మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది. వాళ్లు మోతాదును డాక్టరుతో మాట్లాడి తీసుకోవాలి.

అపోహ: పాల బదులు బాదం పాలు, పాలకూర చాలు.

వాస్తవం: ఇంట్లో తీసిన బాదం పాలలో కాల్షియం నామమాత్రమే. పాలకూరలో ఉన్నా అందులోని ఆక్సలేట్లు అనే పదార్థాలు దాన్ని పట్టి ఉంచడం వల్ల ఒంటికి పట్టేది 5 శాతమే. పాల నుంచైతే 30 శాతం దాకా పడుతుంది. రాగులు (50 గ్రాముల పిండిలో 180 మి.గ్రా. దాకా), పొట్టు తీయని నువ్వులు, మునగాకు మేలు. నువ్వుల పొట్టు తీస్తే కాల్షియం చాలా వరకు పొట్టుతోనే పోతుంది. కాల్షియం కలిపిన సోయా పాలు కొంటే ప్యాకెట్ బాగా కుదిపి పోసుకోండి, లేదంటే కలిపినదంతా అడుగునే ఉండిపోతుంది.

ఉప్పు సంగతి కూడా ఇక్కడే. చేపలు, పాలు మానేసినవాళ్లు సైంధవ లవణానికి మారితే అయోడిన్ వచ్చే దారే మూసుకుపోతుంది. అయోడైజ్డ్ ఉప్పే వాడండి.

అపోహ: ఆకుకూరలు తింటే ఐరన్ దానంతటదే పెరుగుతుంది.

వాస్తవం: మొక్కల్లోని ఐరన్ తేలిగ్గా ఒంటపట్టదు. తోటకూర పప్పు దించాక నిమ్మరసం పిండండి, పొయ్యి మీదుండగా పిండితే విటమిన్ సి వేడికి తగ్గిపోతుంది. జామకాయ ముక్కలైనా మంచిదే. భోజనానికి ముందూ వెనకా గంటసేపు టీ, కాఫీ వద్దు.

అపోహ: సోయా తింటే మగవాళ్లలో హార్మోన్లు దెబ్బతింటాయి.

వాస్తవం: మామూలు మోతాదులో టెస్టోస్టెరాన్ తగ్గదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం మాత్రకూ సోయాకూ నాలుగు గంటల ఎడం పెట్టాలి.

అపోహ: మొక్కల ఆహారమైతే షుగరు, కొలెస్ట్రాల్ వాటంతటవే తగ్గుతాయి.

వాస్తవం: పులిహోర, పూరీ, ఆలూ వేపుడు, అప్పడం, ఆవకాయ... ఇవీ మొక్కల ఆహారమే. కొబ్బరినూనెలో 90 శాతం, పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. మాంసం, నెయ్యి స్థానంలో పప్పులు, శనగలు, ఓట్స్, కూరగాయలు వస్తే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) తగ్గుతుంది. మూడు నెలలకు లిపిడ్ పరీక్ష (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయిస్తే తేడా తెలుస్తుంది. తెల్లన్నం పెరిగితే ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు), షుగరు పెరుగుతాయి.

అపోహ: కడుపుబ్బరం వచ్చిందంటే ఈ తిండి ఒంటికి పడలేదన్నట్టే.

వాస్తవం: పేగుల్లోని బ్యాక్టీరియా పప్పుల్లోని కొన్ని చక్కెరలను పులియబెట్టడం వల్ల గ్యాస్ వస్తుంది. మొదటి వారం రోజుకు అరకప్పు ఉడికిన పప్పు లేదా గింజలతో ఆపి, వారం వారం పెంచండి. శనగలు, రాజ్మా రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్లో మెత్తగా ఉడికించండి. సగం ఉడికిన రాజ్మా వాంతులు తెప్పిస్తుంది. చాలామందికి మూడు, నాలుగు వారాల్లో ఉబ్బరం సర్దుకుంటుంది.

అపోహ: తిండి మార్పే కదా, డాక్టరుకు చెప్పే పనేముంది?

వాస్తవం: షుగరుకు గ్లిమెపిరైడ్ మాత్ర, ఇన్సులిన్ వాడుతూ ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే షుగరు పడిపోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మందు వాడేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచితే మందు ప్రభావం తగ్గుతుంది, కాబట్టి రోజూ ఒకే మోతాదులో తినాలి. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు ఆకుకూరలు, కొబ్బరినీళ్లు పొటాషియాన్ని ప్రమాదకరంగా పెంచగలవు. ఈ ముగ్గురూ కంచం మార్చే ముందే డాక్టరును కలిసి, మందుల మోతాదు, పరీక్షల తేదీలు ఖాయం చేసుకోవాలి.