ఇంటి పన్ను, రేవు పాట: పంచాయతీ ఆఫీసులో రోజూ వినే అపోహలు

గోదావరి గట్టు పక్కన ఉన్న పంచాయతీలో కార్యదర్శిగా పనిచేస్తున్నాను. మార్చి వచ్చిందంటే నా టేబుల్ మీద రెండు రకాల కాగితాలు పేరుకుపోతాయి. ఒకటి ఇంటి పన్ను బకాయిల జాబితా, రెండోది రేవు వేలం ఫైలు. జనాన్ని, బండ్లను ఏరు దాటించే పెద్ద పడవే పంటు. రేవులో దాన్ని నడిపి రుసుం వసూలు చేసుకునే హక్కును వేలం వేస్తాం, దాన్నే రేవు పాట అంటాం, పాడుకున్నవాడు పాటదారు. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం అయిపోతుంది, రేవు గడువూ అదే రోజుతో సరి. అందుకే కాబోలు, మా ఊళ్లో ఈ రెండిటినీ ఒకే లెక్కగా చూసేవాళ్లు ఎక్కువ.

అపోహ: "ఇంటి పన్ను కడుతున్నాం కదండీ, పంటు ఎక్కితే మళ్లీ డబ్బులెందుకు?"

ఇంటి పన్ను ఇంటి మీద వేసేది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామ పంచాయతీ దాన్ని వేసి తీరాలి. మీరు ఏరు దాటినా, ఏడాదంతా అరుగు దిగకపోయినా అది మారదు. రేవు రుసుం అలా కాదు, ఎక్కినవాళ్లే కట్టాలి. రాజ్యాంగంలోనూ ఇవి వేర్వేరు చోట్ల ఉన్నాయి. రాష్ట్ర జాబితాలో భూములు, భవనాల మీద పన్నులు 49వ అంశం. రోడ్లు, వంతెనలు, రేవులు 13వ అంశం. పంచాయతీలకు అప్పగించదగ్గ 29 పనులను చెప్పే పదకొండో షెడ్యూల్లో కూడా రేవులు ఉన్నది 13లోనే. డిపార్ట్‌మెంట్ పరీక్షకు చదివేటప్పుడు నాకు గుర్తుండిపోయిన నంబరు అదొక్కటే.

అపోహ: "పన్ను రసీదు నా పేరు మీద ఉంది, కాబట్టి స్థలం నాదే."

ఈ మాట మీద మా ఆఫీసులో ఎన్ని గొడవలు జరిగాయో లెక్కలేదు. ఒకసారి ఒక పెద్దావిడ ప్లాస్టిక్ కవర్లో ఇరవై ఏళ్ల రసీదులు వరసగా పేర్చి తెచ్చింది. ఒక్కటి కూడా చిరగలేదు, తడవలేదు. "ఇన్నేళ్లు కట్టించుకున్నారు, ఇప్పుడు నాది కాదంటారేంటి బాబూ" అని అడిగింది. మరిది దస్తావేజు పట్టుకుని కోర్టుకెళ్లాడట. ఆవిడకు సర్ది చెప్పడం నా వల్ల కాలేదు, కానీ నిజం నిజమే. పన్ను రసీదు హక్కు పత్రం కాదు. సుప్రీంకోర్టు చాలా తీర్పుల్లో ఈ సంగతి తేల్చేసింది. ఇంటికి పన్ను వసూలు చేయడానికి ఎవరో ఒకరి పేరు మా రిజిస్టర్లో ఉండాలి, అంతవరకే దాని పని. స్వాధీనం రుజువు చేసుకోవడానికి మిగతా కాగితాలతో కలిపి చూపిస్తే కొంత పనికొస్తుందేమో గానీ, రసీదొక్కటే పట్టుకుని హక్కు అడగలేరు.

పోరంబోకులో, ఏటి మధ్య లంక భూమిలో వేసుకున్న ఇళ్లదీ ఇదే కథ. "పన్ను వేశారంటే క్రమబద్ధం చేసినట్టే" అని ఊళ్లో చిన్న నాయకులు చెప్తుంటారు. కాదు. పన్ను వేసినంత మాత్రాన ఆక్రమణ సక్రమం అయిపోదు.

అపోహ: "ఇల్లు ఏట్లో కలిసిపోయింది, ఇక పన్ను రాదు."

మా లంక వైపు ఒడ్డు ఏటా కోతకు గురవుతుంది. నేను చేరిన కొత్తలో డిమాండ్ రిజిస్టర్, అంటే ఏ ఇంటి నుంచి ఎంత పన్ను రావాలో రాసుకునే పుస్తకం, పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ వెళ్తే, ఒకచోట వీధే లేదు. ముందు కొబ్బరి చెట్టు మొదళ్లు, ఆ తర్వాత నీళ్లు. రిజిస్టర్లో మాత్రం నాలుగు పెంకుటిళ్లు నంబర్లతో సహా నిలబడి ఉన్నాయి, బకాయి ఏటా పెరుగుతోంది. మీరు చెప్పందే పుస్తకంలో ఇల్లు దానంతటది కూలదు. అర్జీ పెట్టండి, మేం వచ్చి చూసి రాసుకుంటాం, డిమాండ్ నుంచి తీసేయమని పైకి పంపిస్తాం. ఇల్లు కూలగొట్టి కొత్తది కట్టినా ఇంతే. లేకపోతే పాత నంబరు మీద ఒకటి, కొత్త నంబరు మీద ఒకటి, రెండు డిమాండ్లు వస్తాయి.

అపోహ: "టౌన్లో ముందే కడితే 5 శాతం తగ్గిస్తారు, ఇక్కడెందుకు తగ్గించరు?"

టౌన్‌ది మున్సిపల్ చట్టం. అక్కడ ఏడాది పన్నంతా ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం రాయితీ, ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 నుంచి అద్దె విలువ పోయి ఆస్తి మూలధన విలువ, అంటే ఆస్తి ఖరీదు, మీద లెక్క వచ్చింది. మాది వేరే చట్టం, రూల్సూ వేరే. రాయితీ కావాలనేవాళ్లు ఆ వడ్డీ సంగతి మాత్రం ఎత్తరు.

అపోహ: "మన పన్ను డబ్బులు పైకి పోతాయి."

పోవు. ఇంటి పన్ను పంచాయతీ సాధారణ నిధిలోనే పడుతుంది. దాంతో పాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సు, అంటే పన్నులో రూపాయికి 8 పైసలు, జిల్లా గ్రంథాలయ సంస్థది. చాలామంది రసీదులో ఆ గడి చూడనే చూడరు. కేంద్రం నుంచి ఆర్థిక సంఘం నిధులు వస్తాయి కదా అంటారు. 2021-26 కాలానికి ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో ఎక్కువ భాగం మంచినీళ్లు, పారిశుద్ధ్యానికే కట్టేశారు. మిగతా దాంట్లోంచి కూడా జీతాలు ఇవ్వకూడదన్నారు. పొద్దున్నే కాలవలో దిగి పూడిక తీసే మనిషికి జీతం రావాలంటే మీ ఇంటి పన్నే దిక్కు. ఆ మనిషి జీతం ఆగిన నెల బకాయిల జాబితా తీసి చూడండి, పైన ఉండేవి పెద్ద మేడల నంబర్లే.

పంచాయతీ ఎన్నికలప్పుడు మాత్రం వాళ్లే ముందొస్తారు. నోటీసు ఇచ్చాక కూడా బకాయి ఉంచుకున్నవాళ్లు పోటీకి పనికిరారు మరి. 2021 ఫిబ్రవరి ఎన్నికల నామినేషన్ల రోజుల్లో మా బిల్ కలెక్టర్‌కు అన్నం తినే టైం కూడా దొరకలేదు.

ఇక రేవు దగ్గరికి వద్దాం.

అపోహ: "పాట ఎంత పెరిగితే ఊరికి అంత లాభం."

వేలం రోజున పోటీ పడి పాట పెంచుతుంటే జనం చప్పట్లు కొడతారు. నాకు మాత్రం టెన్షన్ మొదలవుతుంది. లెక్క వేసి చూడండి. పాట 36 లక్షలకు పోయిందనుకుందాం. రోజుకు దాదాపు 10 వేలు పంచాయతీకే కట్టాలి. డీజిలు, పంటు నడిపే సరంగు జీతం, పంటు మరమ్మతు అన్నీ దాని పైన. మనిషికి 20 రూపాయలైతే పాట సొమ్ముకే రోజూ 500 మంది దాటాలి. అదే 54 లక్షలకు పోతే 740 మంది కావాలి. ఊళ్లో జనం పాటతో పాటు పెరగరు కదా. పెరిగిన సొమ్ము ఎక్కడి నుంచి రావాలి? మూడు ట్రిప్పుల జనాన్ని రెండిట్లో కుక్కాలి, లేదా బండికి పది రూపాయలు ఎక్కువ లాగాలి. నేను చూసినంతవరకు రెండూ జరుగుతాయి. పాట సొమ్ము కాగితం మీద పంచాయతీ ఆదాయమే. దాన్ని చివరికి కట్టేది కాలేజీకి వెళ్లే పిల్లలు, ఆ ఒడ్డున కూలికి పోయే ఆడవాళ్లు.

అందుకే వేలం నోటీసులో పాట మొత్తం కన్నా ముందు షరతులు చదవమంటాను. ఎన్ని ట్రిప్పులు, ఎంతమంది, ఎన్ని లైఫ్ జాకెట్లు, చీకటి పడ్డాక ఏం చేయాలి. ఇవి అమలు చేసే ధైర్యం లేకపోతే పెద్ద పాట వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

మీరు చూసుకోగలిగింది కూడా ఒకటుంది. పంటు ఎక్కే ముందు పక్క రేకు మీద రంగు గీత వెతకండి. ఎంత బరువు దాకా ఎక్కించవచ్చో చెప్పేది అదే. గీత కనిపించాలి, నీళ్లు దాని కిందే ఉండాలి. గీత మునిగిందంటే సరంగు ఎంత తెలిసినవాడైనా తర్వాతి ట్రిప్పుకు ఆగండి. గీతే లేకపోతే మాకు ఫిర్యాదు రాయండి.

అపోహ: "పాట పాడుకున్నాడు, రేటు వాడిష్టం."

కాదు. రేట్లు వేలం నోటీసులోనే ఉంటాయి, రేవులో బోర్డు పెట్టాలి. బోర్డు మాసిపోయి అక్షరాలు కనపడకపోతే అనుమానించండి. నేను చూసిన బోర్డుల్లో ముందు చెరిగిపోయేది ఎప్పుడూ అంకెలే.

అపోహ: "పడవకు పర్మిషన్ ఇచ్చేది పంచాయతీయే."

కొన్ని రేవులు గ్రామ పంచాయతీవి, కొన్ని మండల పరిషత్‌వి. ఆంధ్ర ప్రాంతంలో కాలువలు, ప్రజా రేవులకు 1890 నాటి మద్రాసు చట్టం ఉంది. మేం వేలం వేసేది రేవు హక్కునే. ఇంజను పడవ రిజిస్ట్రేషన్, సర్వే (పడవ నీళ్లలో తిరగడానికి పనికొస్తుందో లేదో చూసే తనిఖీ) చేసే అధికారులు వేరు. 1917 నాటి చట్టం స్థానంలో 2021లో వచ్చిన కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం వాళ్ల పనిని చెప్తుంది. అలాగని పంచాయతీ చేతులు దులుపుకోకూడదు. 2018 జులై 14న గోదావరిలో పశువుల్లంక దగ్గర కట్టుబడిలో ఉన్న వంతెన స్తంభానికి తగిలి పడవ బోల్తా పడి బడిపిల్లలు చనిపోయారు. అప్పటి నుంచి పాటదారు సర్వే కాగితం జిరాక్సు నా ఫైల్లో లేకుండా పాట ఖరారు కాగితం మీద నేను సంతకం పెట్టను. ఆ ఒక్క కాగితం కోసం పాటదారులతో ఎన్నిసార్లు మాట మాట అనుకున్నామో.

అపోహ: "పాట సొమ్ము కట్టాను, రేవు ఆపడానికి మీరెవరు?"

ఇది పాటదారు ప్రశ్న. ప్రతి వరదలో వింటాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు, ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు అయితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులకు రెండోది, 17.75కు మూడోది. మేం మొదటి హెచ్చరిక దాకా కూడా ఆగం, తాసిల్దారు ఆఫీసు నుంచి ఫోన్ రాగానే పంటును గొలుసుతో కట్టించేస్తాం. వరద రోజులకు పాట సొమ్ము తగ్గించమని అడగరాదని మా నోటీసు షరతుల్లో రాసే ఉంటుంది. అది చదివి వినిపించాకే అతనితో సంతకం చేయిస్తాను. అయినా జులైలో రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "ఒక్క ట్రిప్పు సార్, పెళ్లివాళ్లు ఆగిపోయారు" అంటాడు.