‘నాన్నకి చెప్పొద్దు సార్’ అనే గొడవ వెనక

ఈ వారమంతా బెంగళూరులో నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే ఇదే మాట. అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకి జబ్బు ముదిరిపోయిందని డాక్టరు నేరుగా ఆయనకే చెప్పారు, కొడుకు బయటికొచ్చి ‘మమ్మల్ని అడక్కుండా ఆయనకెలా చెబుతారు’ అని నిలదీశాడు, పక్కనున్న వాళ్ళెవరో ఫోన్‌లో వీడియో తీశారు, మిగతాది మీరు చూసే ఉంటారు. ఆస్పత్రి ఏది, మనుషులెవరు అన్నది ఇక్కడ రాయను. దీని వెనక కథేంటో రాత్రికల్లా రాసిమ్మన్నారు కాబట్టి ఆఖరి రోజుల్లో ఉన్న రోగుల్ని చూసుకునే హాస్పిస్‌లు లండన్‌లో ఎలా మొదలయ్యాయి, జబ్బు నయం కాకపోయినా నొప్పీ బాధా తగ్గించే పాలియేటివ్ కేర్ కోసం కేరళలో డాక్టర్ రాజగోపాల్ ఏం చేశారు, 1985 నాటి మత్తుమందుల చట్టం తర్వాత నొప్పి తగ్గించే మార్ఫిన్ ఎంత కరువైంది లాంటివన్నీ వదిలేస్తున్నా. అవి చాలామంది రాశారు, పైగా ఇప్పుడు తగువు వచ్చింది మందు దగ్గర కాదు, మాట దగ్గర.

నన్నడిగితే అసలు మలుపు 1995. అప్పటిదాకా పెద్దపెద్ద వాళ్ళు కూడా అనుకున్నది ఏంటంటే, రోగి పరిస్థితి గురించి డాక్టర్ల చేతిలో సరైన లెక్కలు లేక వాళ్ళు నోరు విప్పట్లేదు, లెక్కలిస్తే అదే మాట్లాడతారు అని. ఇది తేల్చడానికే అమెరికాలో సపోర్ట్ అనే అధ్యయనం చేశారు. ఐదు ఆస్పత్రులు, 9,105 మంది, అందరూ గట్టి జబ్బుల వాళ్ళే. మొదటి దశలో ఊరికే గమనించారు. గుండె ఆగితే ఛాతీ నొక్కి మళ్ళీ కొట్టుకునేలా చేసే సీపీఆర్ వద్దు అనుకున్న రోగుల సంగతి చూస్తే, వాళ్ళలో 47 శాతం మంది విషయంలోనే డాక్టరుకి ఆ కోరిక తెలుసు, మిగతా సగం పైచిలుకు మంది మనసులో మాట మనసులోనే ఉండిపోయింది. రెండో దశలో ట్రైనింగ్ ఇచ్చిన నర్సుల్ని పెట్టారు. రోగి ఎన్నాళ్ళు బతికే అవకాశం ఉందో లెక్కగట్టి, అతనేం కోరుకుంటున్నాడో రాసి డాక్టరు చేతిలో పెట్టారు. ఆ నవంబరులో ఫలితాలు అచ్చయ్యాయి. మార్చాలనుకున్న ఐదు విషయాల్లో ఒక్కటీ మారలేదు. కాగితాలు ఫైళ్ళలోకి వెళ్ళాయి, మాట మాత్రం గొంతు దాటలేదు.

కోట్లు పోసి చేసిన పని బోల్తా కొట్టింది కదా అని చాలామంది దాన్ని పక్కనపెట్టేశారు గానీ, ఆ తర్వాత వచ్చిన పనికి అదే పునాది అని నా నమ్మకం. చెప్పడం అనేది చేతిలో లెక్కలుంటే దానంతటదే వచ్చేది కాదని, సూది వెయ్యడం నేర్చుకున్నట్టు కూర్చుని నేర్చుకోవాల్సిన పని అని అప్పుడు బుర్రకెక్కింది. 2000లో హ్యూస్టన్ ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ డాక్టర్ వాల్టర్ బెయిల్, టొరంటోకి చెందిన రాబర్ట్ బక్‌మన్, ఇంకొందరు కలిసి స్పైక్స్ అని ఆరు మెట్ల పద్ధతి రాశారు. ఆరూ ఇక్కడ చెప్పను, ఈ గొడవకి పనికొచ్చేది మూడోది. రిపోర్టు విప్పేముందు రోగినే అడగాలి: ‘ఇందులో ఉన్నది మీకు ఎంతవరకు చెప్పమంటారు? అన్నీ మీకే చెప్పాలా, మీవాళ్ళతో మాట్లాడమంటారా?’ ‘నాకొద్దమ్మా, మావాడికి చెప్పండి’ అని ఆయనంటే అదీ జవాబే, డాక్టరు దాన్నీ పాటించాలి. వీడియో కింద కొట్టుకుంటున్న రెండు గుంపులూ, చెప్పి తీరాలనేవాళ్ళూ చెప్పకూడదనేవాళ్ళూ, ఈ మెట్టు ఎక్కకుండానే నాలుగో మెట్టు మీద నిలబడి అరుస్తున్నారు.

నా సంగతి ఒకటి చెప్పకపోతే ఇది పెద్దమనిషి తీర్పులా ఉంటుంది. మా పెద్దనాయన్ని హిందూపురం నుంచి తెచ్చి ఇక్కడ చూపించినప్పుడు తర్జుమా డ్యూటీ నాదే. హిందూపురం మనిషికి కన్నడ రాకపోవడమేంటి, ఆయన గౌరీబిదనూరులో ఏళ్ళ తరబడి శెనక్కాయలు అమ్మినవాడు. అందుకే నేను ముందే లోపలికెళ్ళి ‘సార్, కన్నడలో వద్దు, ఇంగ్లీషులో చెప్పండి’ అని ఏర్పాటు చేసుకున్నా. డాక్టరు లివర్, స్ప్రెడ్, పాలియేటివ్ అంటూ ఐదు నిమిషాలు చెప్పారు, నేను తిప్పి చెప్పింది ఒక్క ముక్క: ‘లివర్ కొంచెం వాచిందంట పెద్దనాయనా, మందులకి తగ్గుతాదంట.’ ఆయన నా మొహం చూడలేదు, టేబుల్ మీదున్న గాజు పేపర్‌వెయిట్ చూస్తూ తలాడించాడు. సాయంత్రం సెలైన్ మార్చడానికొచ్చిన నర్సుని అడిగాడు, ‘ఎష్టు దిన ఇర్తీనమ్మా?’ ఎన్నిరోజులుంటానమ్మా అని. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను ఫోన్ చూసుకుంటున్నట్టు నటించా.

నేను చేసినదానికి వైద్యంలో కొల్యూజన్ అని పేరు, మన భాషలో కూడబలుక్కోవడం. దీని మీద పనిచేసినవాళ్ళ కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు, హోసూరు రోడ్డులో కిద్వాయి క్యాన్సర్ ఆస్పత్రి పక్కనే మానసిక, నరాల జబ్బులు చూసే నిమ్హాన్స్ ఉంది. అక్కడి సైకియాట్రిస్టు డాక్టర్ సంతోష్ చతుర్వేది 1991లోనే మనవాళ్ళకి ఏది ముఖ్యమో అడిగి చూశారు. ఒంట్లో సత్తువ కంటే మనశ్శాంతి, దైవచింతన, ఇంట్లోవాళ్ళతో సంతోషం పైన నిలిచాయి. 2009లో డాక్టర్ ప్రభా చంద్రతోనూ కెనడా పరిశోధకురాలు ఒకరితోనూ కలిసి, బంధువులతో మాట్లాడటం గురించీ ఈ కూడబలుక్కోవడం గురించీ రాశారు. పాలియేటివ్ కేర్ వాళ్ళు కొడుకుని దోషిలా చూడరు. ఎందుకు దాచాలనుకుంటున్నావు అని అడుగుతారు, అలా దాచడం నీకెంత భారంగా ఉంది అని అడుగుతారు, ఆ తర్వాత, ఆయనకి ఇప్పటికే ఎంత తెలుసో కనుక్కోవడానికి మాత్రం అనుమతివ్వు, నేనుగా ఏమీ బయటపెట్టను అంటారు. పది నిమిషాల పని కాదిది. ఓపీలో టోకెన్ నంబర్ అరవై దాటాక ఏ డాక్టరుకి కుదురుతుంది అన్న మాటా నిజమే.

మన రూల్ మాత్రం గోడ మీద పిల్లిలా కూర్చుంది. 2002 నాటి వైద్యుల నియమావళి ప్రకారం జబ్బు తీవ్రతని పెంచీ చెప్పకూడదు, తగ్గించీ చెప్పకూడదు, బావుంది. కానీ ఎవరికి తెలియాలి అన్న దగ్గర రోగికి గానీ బంధువులకి గానీ బాధ్యతగల స్నేహితులకి గానీ అని రాశారు. ఆ ‘గానీ’లో దూరిపోయి పాతికేళ్ళ నుంచి కాపురం చేస్తున్నాం. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, మనిషి మేజరై, స్పృహలో ఉండి, తన నిర్ణయం తను తీసుకోగలిగినప్పుడు కన్నతల్లి సంతకం కూడా చెల్లదని చెప్పింది. అది ఆపరేషన్ గురించి చెప్పిన తీర్పు, కబురు చెప్పడం గురించి కాదు. ఆస్పత్రుల్లో ఫారం మీద సంతకం పద్ధతి మారింది, మాట్లాడే పద్ధతి మారలేదు.

కొడుకు వాదన ఏంటంటే, తెలిస్తే నాన్న అన్నం మానేస్తాడు, ఉన్న నాలుగు రోజులూ కుంగిపోతాడు, బిల్లు కట్టేది మేము. బిల్లు మాట నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. కుంగిపోతాడన్నదానికి మాత్రం 2008లో బోస్టన్‌కి చెందిన అలెక్సీ రైట్ బృందం 332 మంది ముదిరిన క్యాన్సర్ రోగుల మీద చేసిన పని చూడాలి. చివరి రోజుల గురించి డాక్టరుతో మాట్లాడామని చెప్పినవాళ్ళు 37 శాతం. వాళ్ళలో డిప్రెషన్ గానీ దిగులు గానీ మిగతావాళ్ళకంటే ఎక్కువ లేదు. వెంటిలేటర్ దాకా వెళ్ళినవాళ్ళు వీళ్ళలో 1.6 శాతం, మాట్లాడనివాళ్ళలో 11 శాతం. రెండేళ్ళకి జెన్నిఫర్ టెమెల్ 151 మంది ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్ని రెండు జట్లు చేసి ఒక జట్టుకి మొదటినుంచీ పాలియేటివ్ కేర్ ఇప్పిస్తే, వాళ్ళ మధ్యస్థ ఆయుష్షు 11.6 నెలలు వచ్చింది, రెండో జట్టుకి 8.9. విదేశీ లెక్కలు మనకి సరిపోతాయా అనొచ్చు, అడగాల్సిన ప్రశ్నే. అయితే ‘చెబితే త్వరగా పోతాడు’ అని అంత ధీమాగా అనేవాళ్ళ దగ్గర ఆమాత్రం లెక్క కూడా లేదు.

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాజుకుందంటే, కర్ణాటకలో మాట విలువ పెరిగింది. 2018లో కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు లివింగ్ విల్‌కి, అంటే రేపు నోరు విప్పలేని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే పత్రానికి, దారి తెరిచింది గానీ, దాని మీద మేజిస్ట్రేటు సంతకం కావాలనేసరికి ఎవరూ ఆ జోలికి పోలేదు. 2023 జనవరిలో ఆ ముడి విప్పి నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలన్నారు, వైద్యం ఆపొచ్చా లేదా అని తేల్చడానికి ముగ్గురేసి డాక్టర్లతో రెండు బోర్డులు, వీలైతే 48 గంటల్లో అభిప్రాయం అన్నారు. 2025 జనవరి 30న కర్ణాటక ఆరోగ్య శాఖ దీన్ని అమలు చేస్తూ సర్క్యులర్ ఇచ్చింది. అంతకుముందు ఏడాది కేంద్రం ఇలాంటి మార్గదర్శకాల ముసాయిదా తెస్తే, డాక్టర్లు కోర్టుల చుట్టూ తిరగాల్సొస్తుందని డాక్టర్ల సంఘం ఐఎంఏ అభ్యంతరం పెట్టింది. సరే, పెట్టనీండి. కానీ లివింగ్ విల్ రాయాల్సింది రోగి. తనకున్నది లివర్ వాపు అనుకుంటున్న మనిషి వెంటిలేటర్ గురించి ఏం రాస్తాడు?

ఎంబీబీఎస్‌లో మాట్లాడటం నేర్పే ఏట్‌కామ్ పాఠాలు 2019లో వచ్చాయి, అంటే అవి చదువుకున్న మొదటి బ్యాచ్ పిల్లలు ఇప్పుడిప్పుడే ఓపీల్లో కూర్చుంటున్నారు. వీడియోలో డాక్టరు తల నెరిసినావిడ, తనంతట తనే నేర్చుకుని ఉండాలి. ఆవిడ రాసిచ్చిన వివరణ నేను చూశాను, ‘ఆయనే తెలుగులో అడిగారు, అడిగినంతే చెప్పాను’ అని రెండు లైన్లు. కొడుకేమో నాన్న అడగనే లేదంటున్నాడు. సోమవారం పొద్దున పదకొండింటికి ఇద్దర్నీ రమ్మని ఆస్పత్రివాళ్ళు కబురు పెట్టారు. పెద్దాయన్ని పిలవలేదు.