ఊ కొట్టే మనిషి

దివిసీమలో మా అమ్మమ్మ తరం వాళ్లు వయసులు ఉప్పెన నుంచి లెక్కపెడతారు. "ఉప్పెనప్పటికి మీ అమ్మ ఎనిమిదో తరగతి" అంటారు. 1977 నవంబరు 19న సముద్రం ఊళ్ల మీదికొచ్చింది. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది పోయారు. అమ్మమ్మ ఆ కథ ఎప్పుడు చెప్పినా ఆ రోజు పొద్దుటి నుంచే ఎత్తుకునేది. ఏం కూర వండింది, గాలి ఎప్పుడు పెరిగింది, తాటిచెట్టును ఎలా కావిలించుకుంది, తెల్లారాక మొదట ఎవరు కనిపించారు, అన్నీ వరసగా. మేం ఊ కొట్టడం ఆపితే తనూ ఆపేసేది.

ఆ వరస ఎందుకో, ఆ ఊ ఎందుకో నాకు చాలా ఏళ్ల తర్వాత, ఉగాండాలోని శరణార్థి శిబిరాల గురించి చదివినప్పుడు అర్థమైంది.

ప్రాణం మీదికొచ్చిన అనుభవం మామూలు జ్ఞాపకంలా కుదురుకోదని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెబుతారు. వాసన, చప్పుడు, గుండెదడ గట్టిగా అతుక్కుపోతాయి. ఇది వేడి జ్ఞాపకం. ఎప్పుడు, ఎక్కడ, ముందేమిటి, తర్వాతేమిటి అన్నవి చల్లని జ్ఞాపకం. ఈ రెంటికీ ముడి తెగిపోతుంది. అందుకే ఎన్నేళ్లయినా ఒక తలుపు దబ్బున పడితే చాలు, అదంతా ఇప్పుడే జరుగుతున్నట్టు ఒళ్లంతా చెమట పడుతుంది.

ఆ ముడి మళ్లీ వేయడానికి మాగీ షావర్, ఫ్రాంక్ నోయ్‌నర్, థామస్ ఎల్బర్ట్ అనే శాస్త్రవేత్తలు నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ అనే, బతుకు కథ చెప్పించే చికిత్సను తయారుచేశారు. నేల మీద ఒక తాడు పరుస్తారు. ఒక కొస పుట్టుక. మంచి రోజుకు పువ్వు, గాయమైన రోజుకు రాయి, పోయినవాళ్లకు కొవ్వొత్తి పెడతారు. తర్వాత మనిషి తన బతుకును మొదటి నుంచి చెప్పుకొస్తాడు. రాయి దగ్గర మాత్రం తొందరపడనివ్వరు. అప్పుడు ఏం వినిపించింది, ఇప్పుడు ఒంట్లో ఎలా ఉంది అని అడుగుతూ, భయం కాస్త దిగేదాకా అక్కడే తోడుంటారు. చెప్పిందంతా రాసి, మరోసారి చదివి వినిపిస్తారు. తప్పుంటే ఆయనే దిద్దుతాడు. చివరికి ఆ కాగితాలు ఆయన చేతికే ఇస్తారు.

ఉగాండాలో తలదాచుకున్న 43 మంది సూడాన్ శరణార్థులతో చేసిన అధ్యయనం 2004లో వెలువడింది. ఇలా నాలుగు సెషన్లలో కథ చెప్పుకున్నవాళ్లలో ఏడాది తర్వాత 29 శాతం మందికే పీటీఎస్‌డీ, అంటే ఆ వేడి జ్ఞాపకం వదలక వెంటాడే మానసిక జబ్బు, మిగిలింది. మామూలు కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లలో 79 శాతం మందికి అలాగే ఉంది. 43 మంది అంటే చిన్న లెక్కే. కానీ తర్వాత మరో శిబిరంలో శరణార్థులకే శిక్షణ ఇచ్చి చేయించినా మేలు కనిపించింది. సాటి శరణార్థి పక్కన కూర్చుని ఊ కొట్టగలగడం నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది.

అలాగని దెబ్బ తగిలిన మర్నాడే చెప్పమని పట్టుకోకూడదు. ప్రమాదం జరగ్గానే ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పించే పద్ధతిని పరీక్షిస్తే పీటీఎస్‌డీ ఏమీ తగ్గలేదు, ఒకటి రెండు అధ్యయనాల్లో కీడు కూడా కనిపించింది. వరద నీళ్లు తీయకముందే బాధితుల నోటి ముందు మైకు పెట్టడం చూస్తే నాకు అందుకే బాధేస్తుంది.

ఆ చికిత్సలో తాడు మొత్తం విప్పరు. ఇంకా బతకాల్సిన రోజుల కోసం కొంత చుట్టగానే ఉంచుతారు. అమ్మమ్మ కథ కూడా ఉప్పెనతో ఆగేది కాదు. కొత్త గుడిసెకు తాటాకు ఎవరిచ్చారో, మా అమ్మ పెళ్లికి పందిరి ఎక్కడ వేశారో చెప్పాకే "ఇక పడుకోండి" అనేది.