పాత మస్టాంగ్ బాగుచేయడం: అపోహలు - వాస్తవాలు

1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్ కారును జనం ముందు పెట్టింది. మొదటి ధర 2,368 డాలర్లు. పొడవాటి బానెట్, పొట్టి డిక్కీ, గ్రిల్లు మధ్యలో పరుగెత్తే గుర్రం. అరవై ఏళ్ళు దాటినా ఆ బండి రోడ్డు మీద కనిపిస్తే చూపు తిప్పుకోలేం.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళలో చాలామందికి ఈ కారుతో ఊరి చుట్టరికం ఉంది. తొలి మస్టాంగ్‌లు మూడు ఫ్యాక్టరీల్లో తయారయ్యాయి. ఒకటి మిషిగన్‌లోని డియర్‌బోర్న్. రెండోది న్యూజెర్సీలో, పేరుకు మెటచెన్ ప్లాంట్ అయినా ఉన్నది ఎడిసన్‌లోనే. మూడోది శాన్ హోసే ప్లాంట్, అది మిల్పీటస్‌లో ఉండేది. 1983లో మూతబడింది. మనవాళ్ళు బట్టలు కొనుక్కునే గ్రేట్ మాల్ ఆ ఫ్యాక్టరీ కట్టడమే. ఫ్యాక్టరీ కొట్టిన కారు నంబరులో (రిజిస్ట్రేషన్ నంబరు కాదు) రెండో స్థానం చూస్తే పుట్టిల్లు తెలుస్తుంది: ఎఫ్ అంటే డియర్‌బోర్న్, టి అంటే మెటచెన్, ఆర్ అంటే శాన్ హోసే.

1965, 66 మోడళ్ళు కొనేవాళ్ళ దగ్గర, బాగుచేయించేవాళ్ళ దగ్గర పదేపదే వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. డబ్బు తప్పు చోట ఖర్చయ్యేది ఎక్కువగా వాటిని నమ్మడం వల్లే.

అపోహ: "రంగు కొత్తది, కింద కూడా నల్లగా కోటింగ్ కొట్టారు. తుప్పు ఉండదు."

మస్టాంగ్ తుప్పు పైనుంచి కిందికి వస్తుంది, అదీ కంటికి కనపడని చోట మొదలవుతుంది. ముందు అద్దానికీ బానెట్‌కూ మధ్య సన్నని గాట్లున్న పలక ఉంటుంది. దాన్ని కౌల్ అంటారు. దాని కింద రెండు రేకుల మధ్య పెట్టెలాంటి ఖాళీ, ఆ ఖాళీలో గాలి లోపలికి వెళ్ళడానికి రెండు గుండ్రటి రంధ్రాలు, నీళ్ళు పడకుండా వాటి చుట్టూ పైకి లేచిన అంచు. గాట్లలోంచి రాలిన ఆకులు, పైన్ చెట్టు సూదులు ఆ అంచు చుట్టూ పేరుకుని ఏళ్ళ తరబడి తడిగా ఉండిపోతాయి. అంచును తుప్పు తినేస్తుంది. వాన నీళ్ళు తిన్నగా కాళ్ళ దగ్గరి ఫ్లోరు మీదికి, తివాచీ కిందికి చేరతాయి. కాబట్టి ఫ్లోరు రేకు మార్చి కౌల్ వదిలేస్తే కొత్త ఫ్లోరు కూడా కుళ్ళిపోతుంది.

పరీక్షకు చెంబెడు నీళ్ళు చాలు. ముందు తివాచీ ఎత్తి, టార్చి పట్టుకుని డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకోండి. పైనుంచి ఇంకొకరు డ్రైవర్ వైపు గాట్లలో నీళ్ళు నెమ్మదిగా పోయాలి, తర్వాత అవతలి వైపు. బాగున్న బండిలో నీళ్ళు పక్కలకు పారి మడ్‌గార్డుల వెనకనుంచి నేలమీద పడతాయి. లోపల ఒక్క చుక్క కనిపించినా అంచు పోయినట్టే. ఈ పరీక్ష వద్దనే అమ్మకందారు దగ్గర బండి కొనకండి.

రిపేరు చిన్నది కాదు. బానెట్, రెండు మడ్‌గార్డులు, వైపర్లు విప్పాలి. పై రేకును పట్టి ఉంచే స్పాట్ వెల్డులు వందకు పైగా ఉంటాయి. స్పాట్ వెల్డ్ కట్టర్‌తో పై రేకు వరకే తొలవాలి, కింది రేకుకు తగలకూడదు. అంచులు లేదా మొత్తం కింది పలక మార్చి, ఎపాక్సీ ప్రైమరు కొట్టి, అతుకులకు సీమ్ సీలర్ పెట్టి, మళ్ళీ నీళ్ళు పోసి చూసి, అప్పుడు పై రేకు వెల్డు చేయాలి. ప్లాస్టిక్ టోపీలు జిగురుతో అంటించే పద్ధతి కూడా ఉంది. కింద గట్టి ఇనుము మిగిలి ఉంటే కొంతకాలం పనికొస్తుంది, అంతవరకే.

చూడాల్సిన చోట్లు ఇంకో రెండు. ముందు కుడివైపు బ్యాటరీ కింది రేకును యాసిడ్ తింటుంది. డిక్కీ సంగతి చాలామందికి తెలియదు: ఈ బండికి డిక్కీ ఫ్లోరంటూ వేరే రేకు లేదు, 16 గాలన్ల పెట్రోల్ ట్యాంకు పై భాగమే ఫ్లోరు. ట్యాంకు చుట్టూ సీలు పోతే నీళ్ళు, పెట్రోలు వాసన రెండూ లోపలికి వస్తాయి.

ఈ కారుకు లారీలాగా విడి ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. ఫ్లోరుగానీ రెయిలు (కింద పొడుగునా ఉండే ఇనుప దూలం) గానీ కోసేముందు తలుపుల చోట చదరపు గొట్టాలతో అడ్డకట్లు వెల్డు చేసి తీరాలి, బండి బరువు సస్పెన్షన్ మీదే ఉండాలి. టాప్ లేని కన్వర్టిబుల్‌కు ఇది మరీ ముఖ్యం. కట్లు లేకుండా కోస్తే నడుము వంగుతుంది. కొత్త ఫ్లోరు వెల్డయ్యాక తలుపు మూసి చూస్తే గడియ పడదు. అప్పుడు చేసినదంతా మళ్ళీ కోయాల్సిందే.

అపోహ: "పుట్టీ వేశారంటే మోసమే."

కాదు. ఫ్యాక్టరీలోనే అతుకుల మీద సీసం నింపేవారు. రేకును ముందు సుత్తితో సరిచేసి, పైన 3 మిల్లీమీటర్లకు మించకుండా వేసిన పుట్టీ దశాబ్దాలు నిలుస్తుంది. తుప్పు చిల్లు మీద నేరుగా వేసిందే మోసం. వెనక చక్రాల పైన, తలుపుల కింది అంచున సన్నటి బట్టలో చుట్టిన అయస్కాంతం పెట్టి చూడండి, పట్టకపోతే లోపల రేకు కాదు, పుట్టీయే ఉంది.

దీనికి తోడు ఇంకో మాట: "శాండ్ బ్లాస్టింగ్ చేయిస్తే శుభ్రమైపోతుంది." రెయిళ్ళకు, సస్పెన్షన్ భాగాలకు సరే. బానెట్, తలుపులు, రూఫు లాంటి పలచటి వెడల్పు రేకులకు ఇసుక వద్దు. రేణువుల దెబ్బలకు పైపొర సాగి రేకు అలలు తిరుగుతుంది, ఎంత పుట్టీ వేసినా తిన్నగా రాదు. వాటికి కెమికల్ స్ట్రిప్పర్ గానీ ప్లాస్టిక్ రేణువుల బ్లాస్టింగ్ గానీ వాడాలి.

అపోహ: "ఇంజిన్ నంబరు మ్యాచ్ అయింది, ఒరిజినల్ బండి."

1965, 66 మస్టాంగ్ అమ్మేవాళ్ళు ఈ మాట అంటే ఏ నంబరు, ఎక్కడుంది అని అడగండి. ఆ ఏళ్ళలో ఫోర్డ్ మామూలు ఇంజిన్ల మీద కారు నంబరు కొట్టలేదు. 271 హార్స్‌పవర్ ఉన్న కె-కోడ్ 289 (289 క్యూబిక్ ఇంచుల, ఎనిమిది సిలిండర్ల వి8) ఇంజిన్‌కు మాత్రమే కొట్టేవారు. మిగతావాటికి చూడగలిగింది పోత నంబరు, పోత తేదీ. తేదీ కోడ్ ఇలా ఉంటుంది: 5సి12 అంటే 1965 మార్చి 12. మొదటి అంకె సంవత్సరం, అక్షరం నెల, చివరిది తేదీ. నెలల్లో ఐ అక్షరం వదిలేస్తారు కాబట్టి డిసెంబరుకు ఎం వస్తుంది. ఇంజిన్ పోత తేదీ బండి తయారైన తేదీకి కొన్ని వారాల ముందుంటే నమ్మదగినదే. తర్వాతి తేదీ ఉంటే ఇంజిన్ మారినట్టు.

కారు నంబరులో మొదటి అంకె సంవత్సరం, తర్వాత ఫ్యాక్టరీ అక్షరం, తర్వాత బాడీ: 07 హార్డ్‌టాప్, 08 కన్వర్టిబుల్, 09 ఫాస్ట్‌బ్యాక్. ఆ తర్వాతి అక్షరం ఇంజిన్. 1965లో టి అంటే 200 క్యూబిక్ ఇంచుల ఆరు సిలిండర్లది, సి, ఎ, కె మూడూ 289 వి8. ఇంజిన్ స్థానంలో టి ఉండి బానెట్ కింద వి8 ఉందంటే ఎవరో తర్వాత మార్చారు. అప్పుడు చక్రాల బోల్టులు లెక్కపెట్టండి. ఆరు సిలిండర్ల బండికి 4, వి8కు 5. ఇంజిన్ ఒక్కటే మార్చి, ఆ బలానికి తగ్గ బ్రేకులు, వెనక యాక్సిల్ మార్చని బండ్లు తిరుగుతున్నాయి. వాటితో జాగ్రత్త.

తలుపు మీది వివరాల పలకను సాక్ష్యంగా తీసుకోకండి, అలాంటివి కొత్తగా చేసి అమ్ముతారు. డ్రైవర్ వైపు మడ్‌గార్డు కింద, లోపలి రేకు మీద కొట్టిన నంబరును టైటిల్ (యాజమాన్య) కాగితంతో పోల్చండి. ఫోర్డ్ రికార్డులతో ఇచ్చే మార్టీ రిపోర్ట్ 1967 మోడల్ నుంచే దొరుకుతుంది, కాబట్టి ఈ ఏళ్ళ బండ్లకు అక్కరకు రాదు.

అపోహ: "సీసం లేని పెట్రోలు పోస్తే వాల్వు సీట్లు అరిగిపోతాయి, ప్రతి ట్యాంకుకూ మందు కలపాలి."

289లో వాల్వు సీట్లు విడిగా ఉండవు, హెడ్డు పోత ఇనుములోనే కోసి ఉంటాయి. సీసం పొర ఆ సీటుకు మెత్తలాగా పనిచేసిన మాట నిజమే. సీసం లేకపోతే అరుగుతుందన్నదీ నిజమే, కాకపోతే బరువు లాగుతూ గంటల తరబడి ఎక్కువ ఆర్‌పీఎంలో పరుగెత్తినప్పుడు. ఆదివారం పొద్దున తిప్పుకునే బండికి ఆ భయం అక్కర్లేదు. ఎప్పుడైనా వేరే పనికి హెడ్డు విప్పితే ఎగ్జాస్ట్ వైపు 8 సీట్లు గట్టిరకం వేయించండి. బాగున్న హెడ్డును ఇందుకోసమే విప్పి కోయిస్తే, లోతు తప్పినప్పుడు నీళ్ళ గదిలోకి చిల్లు పడొచ్చు.

అసలు ఇబ్బంది పెట్టేది పెట్రోల్లో 10 శాతం వరకు కలిసే ఇథనాల్. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం దానికి తట్టుకోవు. ట్యాంకు దగ్గర ఒకటి, పంపు దగ్గర ఒకటి, రెండు చిన్న రబ్బరు ముక్కలు ఉంటాయి. వాటిని ఎస్ఏఈ 30ఆర్7 లేదా 30ఆర్9 అని ముద్ర ఉన్న గొట్టంతో మార్చండి. పదిహేను నిమిషాల పని. తప్పించేది మాత్రం మంటలను.

అపోహ: "కొత్త క్యామ్ వేశాక ఇంజిన్ నెమ్మదిగా ఐడిల్‌లో అలవాటు చేయాలి."

క్యామ్ అంటే వాల్వులను తెరిపించే, ముక్కులున్న కడ్డీ. ఇది దాన్ని చంపే సలహా. ఇందులోవి చదును ట్యాపెట్లు (అడుగు చదునుగా ఉండి క్యామ్ కదలికను వాల్వుకు అందించేవి), క్యామ్ ముక్కు మీద నేరుగా రుద్దుకుంటూ తిరుగుతాయి. వాటికి నూనె చేరేది క్రాంక్ విసిరే తుంపరల వల్ల. ఐడిల్‌లో ఆ తుంపర చాలదు, కొన్ని నిమిషాల్లోనే ముక్కు అరిగిపోతుంది.

క్యామ్ ముక్కులకు, ట్యాపెట్ల అడుగుకు మాలీ పేస్టు పట్టించండి. డిస్ట్రిబ్యూటర్ తీసి, పావు అంగుళం ఆరు పలకల కడ్డీని డ్రిల్లుకు బిగించి ఆయిల్ పంపును గడియారానికి ఎదురు దిశలో తిప్పండి. మధ్యలో క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పుతూ, ప్రతి రాకర్ దగ్గరా నూనె కనిపించేదాకా ఆగకండి. కార్బురేటర్ గిన్నె నింపి, టైమింగ్ పెట్టి ఉంచుకోండి, మొదటి తిప్పుకే అంటుకోవాలి. అంటుకోగానే 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం, 20 నుంచి 30 నిమిషాలు. రేడియేటర్ ముందు పెద్ద ఫ్యాను పెట్టండి. తర్వాత నూనె, ఫిల్టరు మార్చి, పాత ఫిల్టరును కోసి తెరిచి మెరిసే రజను ఉందేమో చూడండి.

రోజువారీ నూనె కూడా ముఖ్యమే. ఇప్పటి 5డబ్ల్యూ-30 నూనెల్లో క్యాటలిటిక్ కన్వర్టర్ కోసం ఫాస్ఫరస్‌ను 800 పీపీఎంకు (పది లక్షల్లో 800 వంతులకు) పరిమితం చేశారు. చదును ట్యాపెట్లకు జింకు, ఫాస్ఫరస్ వెయ్యి పీపీఎంకు పైన ఉండే నూనె వాడాలి. పాత బండ్ల కోసమని అమ్మే నూనెల వివరాల్లో ఆ అంకె చూసుకోండి.

అపోహ: "వేడెక్కుతోందా? థర్మోస్టాట్ పీకేయండి."

నీళ్ళు వేగంగా తిరిగితే చల్లబడవని ఒకరు, థర్మోస్టాట్ లేకపోతే చల్లగా ఉంటుందని ఇంకొకరు అంటారు. రెండూ తప్పే. పీకేస్తే చలికాలంలో ఇంజిన్ వేడెక్కదు, నూనెలో తేమ పోదు, వేడెక్కే అసలు కారణం అలాగే ఉంటుంది. ఆ కారణం చాలాసార్లు బ్లాకు అడుగున పేరుకున్న తుప్పు బురద. రేడియేటర్ ఖాళీ చేస్తే అది కదలదు. బ్లాకు రెండు పక్కలా ఉన్న డ్రెయిన్ ప్లగ్గులు విప్పి, ఏమీ రాకపోతే తీగతో పొడిచి, వచ్చే నీళ్ళు తేటపడేదాకా కడగాలి. కింది గొట్టం లోపల స్ప్రింగు లేకపోతే పంపు పీల్పుకు అది నొక్కుకుపోవచ్చు, అదీ చూడండి.

ఇంకో సంగతి: టెంపరేచర్ ముల్లు, పెట్రోలు ముల్లు రెండూ ఒకేసారి పైకి పోతే ఇంజిన్ వేడెక్కలేదు. డాష్‌బోర్డు వెనక మీటర్లకు కరెంటు తగ్గించి ఇచ్చే చిన్న వోల్టేజ్ రెగ్యులేటర్ పోయింది. దీన్ని తెలుసుకోకుండా రేడియేటర్ మార్చేసినవాళ్ళు ఉన్నారు.

అపోహ: "డ్రమ్ బ్రేకులు ఆగవు, ముందు డిస్కులు వేయించాలి."

డిస్కుల కంటే ముందు మార్చాల్సింది మాస్టర్ సిలిండర్. 1966 వరకు మస్టాంగ్‌కు ఒకే గది ఉన్న మాస్టర్ సిలిండర్ ఉండేది, ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. 1967 నుంచి రెండు గదులది వచ్చింది. అది బిగించి, ముందు రెండు, వెనక ఒకటి ఉన్న రబ్బరు గొట్టాలు మార్చండి. అవి పైకి బాగానే ఉండి లోపల ఉబ్బిపోతాయి, బండి ఒక పక్కకు లాగడానికి ఇదో కారణం.

సరిగ్గా అమర్చిన డ్రమ్ములు బాగానే ఆపుతాయి. పొట్టి లైనింగ్ ఉన్న షూ ముందువైపుకు రావాలి. సెల్ఫ్ అడ్జస్టర్ల మరలు ఎడమకు, కుడికి వేరు. అటువి ఇటు పడితే బిగించాల్సినవి వదులు చేస్తాయి, పెడల్ రోజురోజుకూ కిందికి దిగుతుంది. డిస్కులు వేయిస్తే మాత్రం డ్రమ్ములకు ఉద్దేశించిన మాస్టర్ సిలిండర్ అలాగే ఉంచకండి. అందులోని వాల్వు లైనులో కొంత ఒత్తిడి నిలిపి ఉంచుతుంది, ప్యాడ్లు పట్టేసుకుని వేడెక్కుతాయి.

అపోహ: "పాయింట్లు నమ్మకం లేనివి, ఎలక్ట్రానిక్ కిట్ పెడితే ఏ గొడవా ఉండదు."

పాయింట్లంటే స్పార్కు కోసం కాయిల్ కరెంటును తెంచి కలిపే చిన్న స్విచ్చు. 289కు వాటి గ్యాపు 0.017 అంగుళం, డ్వెల్ (అవి మూసి ఉండే కోణం) 26 నుంచి 31 డిగ్రీలు. ఆ కొలత పట్టుకుంటే పాయింట్లు వేల మైళ్ళు నడుస్తాయి. కిట్ పెట్టినా తప్పేం లేదు, కానీ ఇగ్నిషన్ స్విచ్ నుంచి కాయిల్‌కు వచ్చే గులాబీరంగు తీగ మామూలు తీగ కాదు, వోల్టేజ్ తగ్గించే నిరోధక తీగ. 12 వోల్టులు కావాల్సిన కిట్‌కు దాన్నుంచి కరెంటు ఇస్తే బండి మొండికేస్తుంది. తప్పు కిట్ మీద పడుతుంది.

అపోహ: "బాగుచేసి హైదరాబాద్ తీసుకెళ్ళి రోజూ తిప్పుకోవచ్చు."

దిగుమతి నియమాలు, సుంకం వేరే కథ. రిజిస్ట్రేషన్ వరకు చెప్పుకుంటే, 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, 10 ఏళ్ళు చెల్లుతుంది, నంబరు పలకలో వీఏ అని వస్తుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప మామూలు వాడకానికి రోడ్డెక్కకూడదు. బాడీలోగానీ ఇంజిన్‌లోగానీ పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కాబట్టి ఆ ఆలోచన ఉన్నవాళ్ళు కొత్తరకం ఇంజిన్ పెట్టించేముందే ఆగి చూసుకోవాలి.

అపోహ: "పాత బండి కదా, స్టీరింగ్ అటూ ఇటూ పోవడం మామూలే."

మాన్యువల్‌లో ఉన్న అలైన్‌మెంట్ కొలతలు ఆనాటి బయాస్ ప్లై టైర్లకు. ఇప్పటి రేడియల్ టైర్లకు అవే పెడితే హైవే మీద బండి తడబడుతుంది. షాపువాళ్ళకు మీ కొలతలు మీరే ఇవ్వండి: క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందువెనకల వాలు) ప్లస్ 2 డిగ్రీల చుట్టుపక్కల, క్యాంబర్ (చక్రం పక్కవాలు) 0 నుంచి మైనస్ అర డిగ్రీ, టో (చక్రాల ముందు అంచులు దగ్గరయ్యే కొలత) లోపలికి 3 మిల్లీమీటర్లు. అంతకుముందు ఐడ్లర్ ఆర్మ్, బాల్ జాయింట్లు లూజు లేకుండా ఉండాలి, లేకపోతే ఏ కొలతా నిలవదు. మలుపుల్లో బండి రోడ్డును ఇంకా గట్టిగా పట్టుకోవాలంటే సస్పెన్షన్ పై కంట్రోల్ ఆర్మ్ రంధ్రాలను అంగుళం కిందికి దింపే పాత పద్ధతి ఉంది. 1965 షెల్బీ జీటీ350కి చేసింది అదే.

టైరు అరగకపోయినా వయసు చూడండి. పక్కగోడ మీద డాట్ అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి, 2312 అంటే 2012లో 23వ వారం. గ్యారేజీలో ఏళ్ళ తరబడి నిలబడ్డ బండ్లకు గాట్లు లోతుగానే ఉంటాయి, రబ్బరు మాత్రం గట్టిపడి పగుళ్ళు తీసి ఉంటుంది. అలాంటి టైర్లతో హైవే ఎక్కకండి.